గొంతు డాక్టరు, రంగుల తుపాకీ, మా పడగ్గది

"బూత్ కడుతున్నాను" అన్నాను మొన్నామధ్య ఆఫీసులో లంచ్ చేస్తూ. మా టీమ్ కుర్రాడొకడు కిసుక్కున నవ్వి, "పోలింగ్ బూతా, టోల్ బూతా, లేకపోతే మామూలు బూతా సార్?" అన్నాడు. ఆ మూడూ కాదండీ, స్ప్రే పెయింట్ బూత్. రంగు కొట్టేటప్పుడు ఆ తుంపర ఇల్లంతా పరుచుకోకుండా, వెనకనుంచి ఒక ఫ్యాను లాగేసి బయటికి తోసే పెట్టె. అంతే. దీని మీద చరిత్ర వ్యాసం రాసేంత సీనుందా అని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. చదివాక పోయింది.

ముందు నా గోల చెప్తాను. ఆన్‌సైట్‌లో ఉన్న రోజుల్లో నాకు ప్లాస్టిక్ మోడల్ విమానాల పిచ్చి అంటుకుంది. ముక్కలు అతికించడం ఎవరైనా చేస్తారు, రంగు వెయ్యడంలోనే ఉంది అసలు మజా. కుంచెతో వేస్తే చారలు పడతాయి, స్ప్రే కొడితే ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టుంటుంది. అక్కడ గరాజ్ ఉండేది, తలుపెత్తేసి కొట్టేవాణ్ణి. ఇక్కడ హైదరాబాదులో మాది మూడో అంతస్తులో ఫ్లాటు. బాల్కనీలో కొడితే పక్కింటివాళ్ళ బట్టల మీద పడుతుంది. అందుకని ఒక మైక్రోవేవ్ ఓవెన్ అట్టపెట్టె సంపాదించి, పాత పీసీ క్యాబినెట్‌లోంచి రెండు ఫ్యాన్లు పీకి వెనక బిగించి, వాటి ముందు ఒక ఫిల్టరు పెట్టి, గొట్టాన్ని కిటికీలోంచి బయటికి తోశాను. ఆర్కిటెక్చర్ బ్రహ్మాండంగా కుదిరిందనుకున్నా. స్ప్రే డబ్బా నొక్కిన అర నిమిషానికి తుంపరంతా నా మొహం మీదకే తిరిగొచ్చింది. ఆ పూట ఉప్మా థిన్నరు వాసనేసింది. "విమానాలుండాలో నేనుండాలో తేల్చుకోండి" అంది మా ఆవిడ.

పని చెడిపోయాక మాన్యువల్ చదవడం మన వృత్తి ధర్మం కదా. అలా చదవడం మొదలెట్టి, నూట ముప్ఫై ఏళ్ళు వెనక్కి పోయి, తిరిగి తిరిగి చివరికి మా పడగ్గది కప్‌బోర్డుల దగ్గర తేలాను. ఆ సంగతి చివర్లో చెప్తాను.

కథ ఒక గొంతు డాక్టరుతో మొదలవుతుంది. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని టొలీడో ఊళ్ళో ఆలెన్ డెవిల్బిస్ అనే వైద్యుడుండేవాడు. అప్పట్లో గొంతులో మందు పూయాలంటే పుల్లకి దూది చుట్టి లోపలికి పెట్టడమే. రోగికి వాంతి, డాక్టరుకి చిరాకు. ఆయన ఒక రబ్బరు బుడ్డి నొక్కితే మందు సన్నటి తుంపరై గొంతులోకి వెళ్ళే పరికరం తయారుచేసి, 1888లో దానికో కంపెనీ పెట్టాడు. తర్వాత్తర్వాత సెంటు సీసాలకీ అదే బుడ్డి ఎక్కింది. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు చల్లే తుపాకీ చేశాడు. సన్నటి గొట్టం మూతి దగ్గర గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి తగ్గి ద్రవం పైకొస్తుంది, ఆ గాలే దాన్ని చిన్న చిన్న చుక్కలుగా చీల్చేస్తుంది. తండ్రికీ కొడుక్కీ తేడా సీసాలో ఏముందన్నదే. గొంతుకి మందు చేర్చగలిగేంత సన్నటి తుంపర, విషాన్ని కూడా అంతే శ్రద్ధగా చేరుస్తుంది. ఈ మొత్తం కథలో గుర్తుపెట్టుకోవాల్సిన ముక్క ఇదే.

నిజానికి తుపాకీ కంటే ముందే రంగు చల్లడం మొదలైంది. కారణం మనకి బాగా తెలిసినదే, డెడ్‌లైన్. 1893 మే 1న షికాగోలో ప్రపంచ ప్రదర్శన తెరవాలి. కొలంబస్ అమెరికా చేరి 400 ఏళ్ళయిన సందర్భం. (మన వివేకానందుడు ఆ ఫిబ్రవరిలో సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో మాట్లాడి, సెప్టెంబరులో వెళ్ళి ప్రసంగించిన సర్వమత సభ ఈ ప్రదర్శనకి అనుబంధంగా జరిగిందే.) రాజభవనాల్లాంటి కట్టడాలు లేచాయి. వాటికి పైన ప్లాస్టరు పూత వేశారు, దానికి తెల్లరంగు వెయ్యాలి. కుంచెలు పట్టుకుని ఎంతమంది ఎక్కినా ఆ పని తెమిలేలా లేదు. రంగుల బాధ్యత చూస్తున్న ఫ్రాన్సిస్ మిల్లెట్ అనే చిత్రకారుడు పంపులు, గొట్టాలు పెట్టి రంగు కొట్టించాడు. పని అయిపోయింది, జనం దానికి 'వైట్ సిటీ' అని పేరు పెట్టారు. పాపం ఆ మిల్లెట్ 1912లో టైటానిక్ ఓడలో పోయాడు. ఆయన పద్ధతి మాత్రం ఉండిపోయింది.

ఇహ అసలు మలుపు కార్లతో వచ్చింది. 1920ల మొదట్లో కారుకి రంగు వెయ్యడమంటే కుంచెతో వార్నిషు వెయ్యడం, ఆరబెట్టడం, రుద్దడం, మళ్ళీ వెయ్యడం. మూడు వారాలు పట్టేది. రోజుకి 1,000 కార్లు తయారుచేసే కంపెనీ అనుకోండి, ఆదివారాలు తీసేస్తే ఏ క్షణాన చూసినా 18,000 కార్లు రంగు ఆరుతూ ఏదో కప్పు కింద నిలబడి ఉండాలి. మన భాషలో చెప్పాలంటే పైప్‌లైన్ మొత్తం ఒక్క స్టేజి దగ్గర జామైపోయింది. ఫోర్డు మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నల్లరంగులో మాత్రమే రావడానికి, ఆ నలుపు త్వరగా ఆరడమే కారణమని చాలామంది చెబుతారు.

జనరల్ మోటార్స్‌లో చార్లెస్ కెటరింగ్ అనే ఇంజనీరుకి ఈ ఆలస్యం అస్సలు గిట్టలేదు. డ్యూపాంట్ కంపెనీతో కలిసి పనిచేసి, 1923లో ఓక్లాండ్ కార్ల మీద కొత్త రంగు దించారు. నైట్రోసెల్యులోజ్ లాకర్. దాని పేరు డ్యూకో. ఆ పేరు ఎక్కడో విన్నట్టుందా? మన కార్పెంటర్లు "షట్టర్లకి డ్యూకో కొట్టిద్దాం సార్" అంటారే, అదే మాట. నిర్మల్ బొమ్మలు చేసేవాళ్ళు కూడా పాత సహజ రంగులు వదిలి 'డ్యూకో రంగులు' అంటూ వీటికి వచ్చారు. వందేళ్ళ కిందటి అమెరికన్ ట్రేడ్‌మార్కు మన పల్లెల్లో మామూలు నామవాచకం అయిపోయింది.

డ్యూకోలో ఏముంది? దూదిని ఆమ్లాల్లో నానబెట్టి చేసే నైట్రోసెల్యులోజ్. మందుగుండు సరుకుకి చుట్టం. మొదటి ప్రపంచ యుద్ధంలో తుపాకి మందు కోసం పెట్టిన ఫ్యాక్టరీలు, యుద్ధం అయ్యాక పనిలేక చూస్తున్నాయి. దాన్ని కరిగించే ద్రావకం సంగతి ఇంకా విచిత్రం. తర్వాత ఇజ్రాయెల్ మొదటి అధ్యక్షుడైన ఛైమ్ వైజ్‌మన్, యుద్ధంలో పేలుడు పదార్థాలకి కావలసిన ఎసిటోన్‌ని బాక్టీరియాతో పులియబెట్టి తీసే పద్ధతి కనిపెట్టాడు. అందులో ఎసిటోన్ కంటే బ్యూటనాల్ ఎక్కువ వచ్చేది, దాన్నేం చెయ్యాలో ఎవరికీ తెలిసేది కాదు. ఆ బ్యూటనాల్ నుంచి చేసిన బ్యూటైల్ ఎసిటేటే ఈ లాకర్లకి మంచి ద్రావకమైంది. యుద్ధంలో మిగిలిన సరుకంతా కారు రంగుగా మారిందన్నమాట.

డ్యూకో నిమిషాల్లో ఆరిపోతుంది. ఎంత త్వరగా అంటే కుంచె రెండోసారి తిప్పేలోపే గట్టిపడిపోతుంది. కాబట్టి చల్లక తప్పదు. అప్పటిదాకా 'కావాలంటే వాడుకోవచ్చు' అన్నట్టున్న స్ప్రే గన్ అప్పట్నుంచీ తప్పనిసరి అయిపోయింది. వారాల పని గంటల్లోకి వచ్చింది. దాంతోపాటు, మండే ద్రావకం ఆవిరినీ రంగు తుంపరనీ మూసిన గదిలో రోజంతా గాల్లోకి వదలడం కూడా తప్పనిసరి అయిపోయింది.

జనానికి ఇది ముందే తెలీదా అంటే, తెలుసు. అప్పటి తెల్లరంగులో సీసం ఉండేది. 1921లో జెనీవాలో అంతర్జాతీయ కార్మిక సంస్థ వైట్ లెడ్ మీద ఒక ఒడంబడిక చేసింది. ఇళ్ళ లోపల సీసం రంగుల వాడకాన్ని కట్టడి చెయ్యడంతో పాటు, రంగును తుంపరగా చల్లడం వల్ల వచ్చే ప్రమాదాన్ని నివారించాలని ప్రత్యేకంగా రాసింది. డ్యూకో రావడానికి రెండేళ్ళ ముందు మాట ఇది. (మన దేశంలో ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2016లో వచ్చింది, 2017 నుంచి అమలైంది. అదీ మన వేగం.) సీసం పోతే బెంజోల్. థిన్నర్లలో వాడే ఈ బెంజోల్ ఎముకల మూలుగని దెబ్బతీసి రక్తం తయారవకుండా చేస్తుంది. అమెరికాలో నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ కమిటీ 1926లోనే దాని మీద నివేదిక ఇచ్చింది.

అమెరికాలో పెయింటర్ల యూనియన్ 1920లలో స్ప్రే యంత్రాల మీద గట్టిగా పోరాడింది. వాళ్ళు రెండు మాటలన్నారు. ఒకటి, మా పని పోతుంది. రెండు, మా ఊపిరితిత్తులు పోతాయి. యజమానులకి మొదటిది మాత్రమే వినిపించినట్టుంది. "కుంచె వదల్లేని చాదస్తులు" అనుకుని ఊరుకున్నారు. ఇప్పుడు మన దగ్గర కూడా కొత్త టూల్ వచ్చినప్పుడు వద్దన్నవాళ్ళందరినీ ఒకే గాటన కట్టేస్తాం. ఉద్యోగ భయం పక్కనే ఒక నిజమైన బగ్ రిపోర్టు ఉండొచ్చని మనకి తట్టదు.

మరి బూత్ ఎవరి కోసం వచ్చింది? నాకు అర్థమైనంతలో దానికి ముగ్గురు యజమానులు. మొదటివాడు సరుకు: పక్క బల్ల మీది తుంపర ఈ బల్ల మీది తడి రంగు మీద వాలకూడదు, దుమ్ము అంటకూడదు. రెండోవాడు నిప్పు: ఆవిరి గాలికంటే బరువు, నేలబారుగా పాకి ఎక్కడో ఉన్న నిప్పురవ్వని వెతుక్కుంటుంది. గోడలకి పేరుకున్న నైట్రోసెల్యులోజ్ పొడి మీద వేరే రకం రంగు పొడి పడితే ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే అంటుకోగలదు. మూడోవాడు మనిషి. వరసలో ఆఖరివాడు. ఇదేదో నా కవిత్వం అనుకోకండి. అమెరికాలో దేశం మొత్తానికి కార్మికుల భద్రతా చట్టం వచ్చిందే 1970లో. థామస్ తుపాకీ చేసి అప్పటికి 63 ఏళ్ళు. ఆ చట్టం కింద తెచ్చిన స్ప్రే ఫినిషింగ్ నియమం (1910.107) కూడా కొత్తగా రాసింది కాదు, అగ్ని ప్రమాదాల నివారణ సంఘం 1969 నాటి ప్రమాణాన్ని తెచ్చి పెట్టుకున్నదే. ఆ సంఘం 1896లో బీమా కంపెనీల వాళ్ళూ స్ప్రింక్లర్ల వాళ్ళూ కలిసి పెట్టుకున్నది. ఆరోగ్యం కోసం గాలి లెక్కలు ఇంకో నియమంలో పెట్టారనుకోండి. కానీ ఫీచర్ ముందు రిలీజై, ప్యాచ్ అరవై ఏళ్ళకి వచ్చిందన్నది మాత్రం నిజం.

ఆ నియమంలోనే నా అట్టపెట్టె రహస్యం దొరికింది. బూత్ ముందు తెరిచి ఉన్న భాగం మీదుగా లోపలికి పోయే గాలి సగటు వేగం నిమిషానికి 100 అడుగులకి తగ్గకూడదు. అంటే గంటకి రెండు కిలోమీటర్లు కూడా లేదు, పార్కులో తాతగారి నడక కంటే తక్కువ. ఆ మాత్రం దానికేముంది అనుకుంటాం. నా పెట్టె మూతి 2 అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు, మొత్తం 3 చదరపు అడుగులు. 100తో గుణిస్తే నిమిషానికి 300 ఘనపు అడుగుల గాలి లాగాలి. పీసీ ఫ్యాను ఒకటి అడ్డేమీ లేకపోతే ఓ 60 లాగుతుంది. రెండు కలిపి 120. ముందు ఫిల్టరు, వెనక వంకర గొట్టం కలిస్తే అందులో సగం మిగిలితే గొప్ప. అంటే వేగం నిమిషానికి 20 అడుగులు. కావలసినదానిలో అయిదో వంతు. కెపాసిటీ ప్లానింగ్ చెయ్యకుండా ప్రొడక్షన్‌కి వెళ్ళానన్నమాట.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. వాసన హాల్లోకి రాకూడదని గది తలుపులు మూసేశాను. బయటికి 300 తోయాలంటే లోపలికి 300 రావాలి కదా. గాలి రావడానికి దారి లేకపోతే ఫ్యాను ఊరికే గింగిరాలు తిరుగుతుంది. ఎదురు కిటికీ తెరిచి, రంగులూ థిన్నర్లూ అన్నీ బయట పెట్టేసి, అగరుబత్తి వెలిగించి చూశాను. పొగ బుద్ధిగా నా వెనకనుంచి వచ్చి నన్ను దాటుకుని పెట్టెలోకి పోయింది. బూత్ అంటే పెట్టె కాదు, ఫ్యాను కూడా కాదు. బూత్ అంటే గాలి నడిచే దారి.

మూడోది, నేను వాడిన స్ప్రే డబ్బా. దానికీ ఒక చరిత్ర ఉంది. నార్వేలో ఎరిక్ రోథైమ్ 1927లో ఈ ఆలోచనకి పేటెంటు తీసుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో దోమల మందు డబ్బాలుగా అది సైనికుల చేతుల్లోకి వెళ్ళింది. 1949లో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ సేమోర్ అనే రంగుల వ్యాపారి, తను చేసిన అల్యూమినియం రంగుని భార్య బానీ సలహాతో డబ్బాలోకి ఎక్కించాడు. అప్పట్లో లోపల తోసే వాయువు సీఎఫ్‌సీ, అది మండదు. కానీ ఓజోన్ పొరని తినేస్తుందని 1974లో మొలీనా, రోలండ్ చెప్పారు. 1978లో అమెరికా ఈ డబ్బాల్లో దాన్ని దాదాపుగా నిషేధించింది, 1987లో మాంట్రియల్ ఒప్పందం వచ్చింది. మంచిదే. కానీ దాని స్థానంలో ఎక్కువగా వచ్చినవి ప్రొపేన్, బ్యూటేన్. అంటే మన వంట గ్యాసు. ఆకాశం బాగుపడింది, డబ్బా మాత్రం చిన్న సైజు గ్యాస్ సిలిండరైంది. నేను దాన్ని అట్టపెట్టెలో, నిప్పురవ్వల భద్రత ఏమీ లేని ఫ్యాన్ల ముందు పెట్టి కొట్టాను. ఇది రాస్తుంటే ఇప్పుడు కూడా చెమట పడుతోంది.

సరే, రెండో వెర్షన్ కట్టాను. పెద్ద ఎగ్జాస్టు ఫ్యాను, పొట్టి తిన్నని గొట్టం, ఎదురుగా తెరిచిన కిటికీ, మొహానికి మంచి మాస్కు. డబ్బాలు ఇంట్లో నిషేధం. నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగులు, ఎయిర్‌బ్రష్ మాత్రమే. ఆవిడ వీసా ఇచ్చింది :)

ఇక్కడితో ఆపేస్తే హాయిగా ఉండేది. కానీ చదువుతూ పోతే ఐసోసయనేట్లు తగిలాయి. ఇప్పటి మెరిసే పాలీయురథేన్ రంగులు చాలావరకు రెండు డబ్బాల్లో వస్తాయి, ఒకదాంట్లో రంగు, ఇంకోదాంట్లో గట్టిపరిచేది. ఆ రెండోదానిలో ఉండేవి ఇవే. హాని చేసే మోతాదులో కూడా వాసన తెలియకపోవచ్చు. మామూలు వెలుతురులో ఆ తుంపర కంటికి సరిగ్గా కనపడదు కూడా. ఒకసారి ఒంటికి పడకపోతే ఆ తర్వాత రవ్వంత తగిలినా ఆయాసం. బ్రిటన్ ఆరోగ్య భద్రతా శాఖ లెక్క ప్రకారం, కార్లకి స్ప్రే కొట్టేవాళ్ళకి ఆస్తమా వచ్చే ప్రమాదం మామూలు ఉద్యోగుల కంటే దాదాపు 80 రెట్లు. వాళ్ళు గది లాంటి పెద్ద బూత్‌లోనే పనిచేస్తారు. కానీ ఆ బూత్ బయటివాళ్ళని కాపాడుతుంది, లోపల నిలబడ్డవాణ్ణి కాదు. అతనికి గొట్టంతో బయటినుంచి మంచి గాలి అందించే మాస్కు కావాలి. ఫ్యాను ఆపకుండా, గాలి పూర్తిగా శుభ్రమయ్యేదాకా దాన్ని తియ్యకూడదు.

ఇది చదివి కుర్చీలో వెనక్కి వాలి, ఎదురుగా ఉన్న కప్‌బోర్డులు చూశాను.

రెండేళ్ళ కిందట చేయించాం. "డ్యూకో ఫినిష్" అన్నాడు కంట్రాక్టరు. ఇరవై రెండేళ్ళుంటాయేమో ఒక కుర్రాడు, హాల్లో కంప్రెసర్ పెట్టుకుని ఆరు రోజులు ఈ పడగ్గదిలోనే కొట్టాడు. రెండు డబ్బాల్లోంచి కొలిచి కలిపేవాడు, అది నాకు బాగా గుర్తుంది. పేరుకే డ్యూకో, లోపల ఉన్నది దాదాపు ఖాయంగా ఈ రెండు డబ్బాల రంగే. మొహానికి తడిపిన జేబురుమాలు. మధ్యమధ్యలో బాల్కనీలోకొచ్చి దగ్గేవాడు. "ఏసీ పడదా బాబూ?" అని టీ ఇచ్చాం. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, ఫోన్ టార్చి వేసి షట్టర్లు పరీక్షించి, ఒకదాని మీద నారింజ తొక్కలా గరుగ్గా ఉందని మళ్ళీ కొట్టించడం. ఇంకోటి, కిటికీలు మూయించడం. దుమ్ము వాలితే మెరుపు పోతుందని, పక్కింటివాళ్ళు వాసన అంటారని.

చూశారా వరస? ముందు సరుకు, తర్వాత ఇరుగుపొరుగు, ఆఖరున మనిషి. వందేళ్ళ కిందటి యజమానుల్ని తిట్టుకుంటూ చదివిన చరిత్రని నేను మా ఇంట్లో ఆరు రోజుల్లో మళ్ళీ నడిపించాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచేచోట పదిమంది పనివాళ్ళుంటే ఫ్యాక్టరీ అంది. తర్వాత ఏ చట్టం వచ్చినా నా పడగ్గది ఏ లెక్కలోకీ రాదు. అక్కడ ఇన్‌స్పెక్టరూ నేనే, యజమానీ నేనే. నా అరచేతంత విమానానికి గాలి లెక్కలు వేసుకున్నాను, ఆ అబ్బాయికి ఒక కిటికీ తెరవలేదు.

మొన్న కంట్రాక్టరుకి ఫోన్ చేశాను. "ఆ కుర్రాడా? మానేసి చాలా రోజులైంది సార్. ఊరెళ్ళిపోయాడు" అన్నాడు. ఎందుకు మానేశాడంటే తెలీదన్నాడు. దగ్గు వల్లేనని నేను అనలేను. కాదని కూడా అనలేను.

మీలో ఎవరైనా ఇప్పుడు ఇంటీరియర్స్ చేయిస్తుంటే ఒక్క మాట. షట్టర్లు ఊడదీసి, బూత్ ఉన్న వర్క్‌షాపులో కొట్టించమనండి. కొట్టేవాడికి గాలి అందించే మాస్కు ఉందా అని అడగండి. దానికి ఖర్చు ఎక్కువవుతుందంటే ఇవ్వండి, మనం గ్రానైటుకీ లైట్లకీ పెట్టేదాంట్లో అదెంత. లేదంటే రెడీమేడ్ లామినేట్ వేయించుకోండి, కొంప మునగదు. అడగడానికి మొహమాటపడకండి. షట్టరు మీద గరుకుందని అడగడానికి నేనేం మొహమాటపడలేదు.